దత్తాత్రేయులు గారి చల్లని ఊరు

దత్తాత్రేయులు గారికి ఏలూరంటే గిట్టదు. పుట్టిందీ, చదివిందీ, హైస్కూల్లో సోషల్ పాఠాలు చెప్పి రిటైరయిందీ అన్నీ ఇక్కడే. అయినా గిట్టదు. పొద్దున్నే లేచి, బనీను అంచు పట్టుకుని విసురుకుంటూ, "ఇదీ ఒక ఊరేనా, ఉడకబెట్టి చంపుతోంది" అనడంతో ఆయన రోజు మొదలవుతుంది. కార్తికమాసంలో కూడా అదే మాట. కాఫీ గ్లాసు అందించే భార్య ఉమాదేవికి ఆ మాట తననే అన్నట్టు ఉంటుంది. ఎండ ఆవిడే కాయిస్తున్నట్టు ఆయన ముఖం అలా పెడతారు మరి.

అబద్ధమెందుకు, వైశాఖంలో ఏలూరు ఎండ ఎండే. మంచం మీద పరుపు కూడా కాలుతుంది. ఆ నెలా నెలన్నరా ఎలాగో గడిపేస్తే మిగతా ఏడాదంతా ఏమిటి బాధ? తలుపులు బార్లా తీసుకుని బతకొచ్చు. చలికాలమంటే ఒక దుప్పటి, అదీ తెల్లవారుజామున కాళ్ళ మీదికి లాక్కోవడానికి. సాయంత్రమైతే కొల్లేటి వైపు నుంచి గాలి తిరుగుతుంది. ఉమాదేవి ఆ గాలిలో పెరిగింది, ఆ గాలిలోనే ముసలిదవ్వాలనుకుంది. ఆయన మాత్రం టీవీలో మంచుకొండలు చూస్తూ ముసలివారయ్యారు.

కిందటేడు ఆయనకి హిమాచల్‌లో ఒక కొండ ఊరు పూనింది. అక్కడ అపార్ట్‌మెంట్లు కడుతున్నారట, ఏలూరు ఇల్లు అమ్మితే అందులో ఒకటి వస్తుందట. ఆ ఇల్లు ఉమాదేవిది. టెలిఫోన్ ఆఫీసులో పనిచేసి, లోను పెట్టి కట్టుకున్నది. ఆవిడ పేరునే ఉంది, ఆవిడ సంతకం పెడితేనే అమ్మకం.

"ముందు ఒక నెల అక్కడ ఉండి చూద్దామండీ" అంది ఉమాదేవి. అదే ఆవిడ చేసిన పొరపాటు. అప్పుడే కుదరదని కుండబద్దలు కొట్టాల్సింది.

ధనుర్మాసంలో బయల్దేరారు. పెరుగన్నం లేనిదే ఆయన భోజనం ముగియదు. అక్కడి తోడు పనికిరాదని ఆయన పట్టు. అందుకని ఇంటి పెరుగులోంచి గరిటెడు తోడు చిన్న స్టీలు డబ్బాలో పెట్టి, రైల్లో రెండు రోజులూ ఒళ్ళో పెట్టుకుని మోసుకెళ్ళింది ఉమాదేవి. పసిపిల్లని తీసుకెళ్ళినా ఇంత జాగ్రత్త పడేది కాదేమో.

అద్దెగది కిటికీలోంచి చూస్తే మంచు బాగానే ఉంది, కాదనలేం. ఆ కిటికీ తెరవడానికి మాత్రం వీల్లేదు. కుళాయి నీళ్ళు ముట్టుకుంటే వేళ్ళు కొయ్యబారిపోయేవి. మొదటి రాత్రి పాలలో తోడు వేసి మూత పెట్టింది. పొద్దున మూత తీస్తే పాలు పాలలాగే ఉన్నాయి.

"ఇన్నేళ్ళు కాపురం చేసి తోడు పెట్టడం కూడా మరిచిపోయావా?" అన్నారు దత్తాత్రేయులు.

"చలికండీ. ఈ చలికి తోడుకోవు."

"చలి నిన్నేం చేసింది? ఇక్కడివాళ్ళు పెరుగు తినట్లేదా?"

రెండో రోజు పాలు మంచివి కావన్నారు. మూడో రోజు గిన్నె మంచిది కాదన్నారు. ఆ తరవాత గది యజమానురాలి దిష్టి అన్నారు. నేరం అందరి మీదా మోపారు, ఒక్క చలి మీద తప్ప. చివరికి తనే తోడు వేసి, గిన్నెకి శాలువా చుట్టి, "రగ్గులో నీ పక్కన పెట్టుకుని పడుకో, కదలకు" అన్నారు. ఉమాదేవి అలాగే పడుకుంది. మోకాళ్ళ నొప్పుల మనిషి, గోడవైపు తిరిగి, పాలగిన్నెని కావలించుకుని పడుకుంది. ఏలూరులో వంటగట్టు మీద వదిలేస్తే తెల్లారేసరికి గడ్డపెరుగయ్యేది. ఇన్నేళ్ళూ అది తన చేతి చలవ అనుకుని మురిసిపోయింది. కాదు, ఆ పనంతా ఊరే చేసిపెట్టింది. తన ఊరు మీద ఆవిడకి ఆ రాత్రి పుట్టుకొచ్చిన ప్రేమకి కళ్ళు చెమర్చాయి, పక్కనున్న మనిషి మీద పుట్టిన కోపానికి మళ్ళీ ఆరిపోయాయి.

పొద్దున గిన్నెలో తీగలు సాగే జిగురు తయారైంది. దత్తాత్రేయులు దాన్నీ, ఆవిడనీ మార్చి మార్చి చూశారు.

"కావాలనే కదిలించావు. ఇల్లు అమ్మడం ఇష్టం లేక చేస్తున్న వేషాలివి."

"కొల్లేటికొచ్చే పక్షులు మంచు భరించలేకే కదండీ అంత దూరం నుంచి మన వైపు ఎగిరొస్తాయి?" అంది ఉమాదేవి. "వాటికున్నపాటి బుద్ధి మీకు లేకపోయింది."

అప్పటినుంచి ఇద్దరికీ మాటల్లేవు. నెల నిండకుండానే ఆయనకి దగ్గు పట్టుకుంటే తిరుగు రైలెక్కారు. విజయవాడలో దిగగానే ఉమాదేవి స్వెట్టర్ విప్పి సంచిలో కుక్కింది. ఆయన మెడకి మఫ్లర్ చుట్టుకునే, "అబ్బ, ఏం ఉక్క!" అన్నారు.

ఇంటికొచ్చిన రోజే ఉమాదేవి తేల్చి చెప్పింది, "నేను సంతకం పెట్టనండీ" అని. "చూద్దాం" అన్నారాయన. ఆ చూద్దానికి అర్థం మాఘమాసంలో ఒక ఆదివారం తెలిసింది. చెప్పాపెట్టకుండా ఇల్లు కొనేవాళ్ళని వెంటబెట్టుకొచ్చారు. వచ్చినతని పేరు పర్వేజ్, జంగారెడ్డిగూడెంలో టైల్స్ షాపు. వెంట భార్య సకీనా. పిల్లల చదువుల కోసం ఏలూరు మారదామనుకుంటున్నారు.

దత్తాత్రేయులు వంటింట్లోకొచ్చి గొంతు తగ్గించారు. "బయటివాళ్ళ ముందు నా మాట తీసెయ్యకు."

నిజమే, పెళ్ళయిన నాటినుంచి ఉమాదేవి బయటివాళ్ళ ముందు ఆయన మాట కాదన్నది లేదు. ఇంట్లో ఎంత యుద్ధం జరిగినా గుమ్మం దగ్గర చెప్పుల చప్పుడు వినిపిస్తే నోరు మూసుకునేది. ఆ అలవాటు చూసుకునే ఆయన ఈ బేరానికి దిగారు. ఉమాదేవికి ఒళ్ళు మండిపోయింది. అయినా చేతులు వాటంతటవే కాఫీ కలిపాయి.

సకీనా గదులన్నీ తిరిగి చూసి వచ్చి కూర్చుంది. "ఎండాకాలం ఎలా ఉంటదండీ ఇక్కడ? మాకక్కడ మహా కష్టమండీ."

దత్తాత్రేయులు గొంతు సవరించుకున్నారు. "ఎండాకాలమా? అదెంతండీ, నెల్లాళ్ళు. సాయంత్రమయ్యేసరికి కొల్లేటి గాలి కొడుతుంది. ఈ అరుగు మీద కూర్చుంటే లోపలికి వెళ్ళబుద్ధి కాదు."

ట్రే పట్టుకుని గుమ్మంలోకి వచ్చిన ఉమాదేవి అక్కడే ఆగిపోయింది. ఆయన ఆ అరుగు మీద ఒక్క సాయంత్రమన్నా కూర్చున్న పాపాన పోలేదు.

"చలి మాటేంటండీ మాస్టారూ?" అన్నాడు పర్వేజ్.

"చలి ఉంటేగా! ఒక్క దుప్పటి చాలు. నేను హిమాచల్ వెళ్ళి చూసొచ్చానండీ. అదేం ఊరండీ, కిటికీ తీస్తే చావే. ఇక్కడో, తలుపు తీస్తే గాలి, తాడు మీద వేస్తే గంటలో బట్టలు ఆరతాయి, ఏడాది పొడుగునా చన్నీళ్ళ స్నానం. మనిషి సుఖంగా బతకాలంటే ఇలాంటి ఊరుండాలండీ. దేశమంతా తిరిగినా దొరకదు."

ఒక్కటంటే ఒక్కటి తప్పులేదు. ఉమాదేవి మనసులో ఇన్నేళ్ళు దాచుకున్న మాటలన్నీ ఎవరో దొంగిలించి ఆయన నోట్లో పెట్టినట్టుంది. ఇంత తెలిసీ పొద్దున్నే లేచి తిట్టారన్నమాట. తెలియక తిట్టారని ఇన్నాళ్ళూ సర్దుకుపోయింది.

సకీనా మామూలుగానే అడిగింది. "మరి ఇంత మంచి ఊరొదిలి మీరెందుకు వెళ్ళిపోతున్నారండీ?"

దత్తాత్రేయులు గుమ్మం వైపు చెయ్యి చూపించారు. "అదేనండీ, మా ఆవిడకి ఇక్కడి వాతావరణం పడదు. మనిషి నలిగిపోతోంది. చల్లని చోటికి తీసుకెళ్ళమన్నారు డాక్టర్లు."

ఉమాదేవి ట్రే బల్ల మీద పెట్టింది. కాఫీ కాస్త తొణికింది.

"ఊరి గురించి మావారు చెప్పినదంతా నిజమేనండీ" అంది సకీనాతో. "ఆఖరి మాటొక్కటే అబద్ధం. నాకే జబ్బూ లేదు. ఈ ఇల్లు నా పేరున ఉంది, నేనమ్మను. ఇంత దూరం రప్పించాం, ఏమీ అనుకోకండి."

పర్వేజ్ కాఫీ ముట్టుకోకుండా లేచాడు. "ముందు ఇంట్లో మాట్లాడుకోవాలి కదండీ మాస్టారూ! షాపు మూసుకునొచ్చాం." సకీనా కొంగు సర్దుకుని అతని వెనకే నడిచింది. గేటు చప్పుడైంది.

దత్తాత్రేయులు ముఖం కందిపోయింది. "బయటివాళ్ళ ముందు నా పరువు తీశావు. ఇన్నేళ్ళలో ఏనాడూ చెయ్యని పని చేశావు."

"మీరూ ఏనాడూ చెయ్యని పనే చేశారు కదండీ" అంది ఉమాదేవి. "ఈ ఊరి గురించి మీ నోట మంచిమాట ఇవాళే విన్నాను, అదీ అమ్ముకోవడానికి. నా గురించి కూడా ఎవరికైనా అమ్మాల్సొస్తేనే చెబుతారు కాబోలు."