పదిహేడు, ఎంటర్

రవాణా సంస్థ పెద్దాఫీసు మూడో అంతస్తులో ఒక మీటింగు హాలు ఉంది. ముప్పైరెండేళ్ళు దాని తాళంచెవి నా జేబులోనే ఉంది. రిటైరై నాలుగేళ్ళయినా, ఏ వైరు ఎందులో దూర్చాలో నా తర్వాత వచ్చినవాళ్ళకి అంతుపట్టక, పెద్ద మీటింగు ఉన్న రోజున నాకే కబురు పెడతారు. నేను చదివింది పల్లెటూరి బడిలో ఐదో తరగతి దాకా. ఇంగ్లీషు అక్షరాలు కీబోర్డు మీదే నేర్చుకున్నాను. అందుకే నాకు ఇంగ్లీషు ఏతో మొదలు కాదు, క్యూతో మొదలవుతుంది.

ఆ హాల్లో పరువు పోగొట్టుకున్న మహానుభావుల జాబితా నా దగ్గర పెద్దదే ఉంది. ఒకాయన డ్రైవర్ల దేహదారుఢ్యం గురించి గంభీరంగా ఉపన్యసిస్తుంటే, తెర మూలన టింగుమని ఒక మెసేజి లేచింది. “వచ్చేటప్పుడు మోకాలి మందు మరిచిపోకండి, రాత్రంతా మూలిగారు” అని వాళ్ళావిడ. మెసేజీలు ఆపే మీట నొక్కి మొదలుపెట్టండని నేను ముందే చెప్పాను, చెవిన వేసుకోలేదు. ఇంకొకావిడ ఇంట్లో ఏదో ముచ్చటైన అక్షరాలతో రాసుకొచ్చింది. ఆ అక్షరాలను ఫైల్లోనే కట్టి తెచ్చుకోవాలని ఆవిడకు తెలియదు. హాల్లో కంప్యూటరుకు అవి తెలియక తెరనిండా ఖాళీ పెట్టెలు వేసింది. సంస్థలో ఏ పనికైనా అవునో కాదో తేల్చే కమిటీ వాటిని గోడౌను ప్లాను అనుకుని ఆమోదించేసింది. ఆ గోడౌను ఇప్పటికీ ఉంది, కావాలంటే వెళ్ళి చూసుకోండి. నేను చెప్పేదాంట్లో సగం కొట్టేసి వినమని మా ఆవిడ అందరితో అంటుంది. ఏ సగమో మాత్రం ఇంతవరకు చెప్పలేదు.

కమిటీ అధ్యక్షుణ్ణి మేం చాటున ‘తర్వాతగారు’ అంటాం. ఏ స్లైడు వేసినా పది క్షణాలకు మించి చూడడు. పెన్సిలుతో బల్ల మీద టకటక కొట్టి “తర్వాత” అంటాడు. అదొక ఎత్తు. మాట్లాడేవాళ్ళు కాస్త ఊపు అందుకోగానే, “ఇందాక ఏదో చూపించారే, అది మళ్ళీ వేయండి” అంటాడు. పాపం, వాళ్ళు బాణం మీట నొక్కుకుంటూ వెనక్కి పోతారు, దాటిపోతారు, ముందుకొస్తారు, మళ్ళీ దాటిపోతారు. అది దొరికేలోపు ఆయన టీ తాగడం, కాదనడానికి నిశ్చయించుకోవడం రెండూ అయిపోతాయి. ఆ వెనక్కీ ముందుకీ పరుగుల్లో ఎన్ని మంచి ఆలోచనలు కాళ్ళు విరగ్గొట్టుకున్నాయో నాకు తెలుసు.

అలాంటి కమిటీ ముందుకు మా ఇంటిపిల్ల వెళ్ళాల్సి వచ్చింది.

మా ఆవిడ అన్నగారి కూతురు తొమ్మిదో నంబరు బస్సు నడుపుతుంది. పదకొండేళ్ళుగా అదే బస్సు, అదే దారి. డిపోలో ఆమె పేరే ‘తొమ్మిదో నంబరు’ అయిపోయింది. వాళ్ళమ్మ కూడా అన్నానికి అలాగే పిలుస్తుంది. ఆ బస్సుకు పంతొమ్మిది స్టాపులు. పదమూడో స్టాపు దాటాక మెయిన్ రోడ్డు వదిలి, సందుల్లో ఒక చుట్టు తిరిగి, పంతొమ్మిదో స్టాపు దగ్గర మళ్ళీ మెయిన్ రోడ్డెక్కుతుంది. ఆ చుట్టులో పదిహేడోది డయాలసిస్ కేంద్రం వెనక గేటు. కొత్తగా వచ్చిన రూట్ల ఇంజనీరు ఆ చుట్టు ఎత్తేద్దామన్నాడు. బస్సు సూటిగా పోతే పన్నెండు నిమిషాలు కలిసొస్తాయట. ఆ చుట్టులో స్టాపుకు సగటున ఇద్దరు కూడా ఎక్కడం లేదని సర్వేలో తేలిందట. చుట్టు పోతే కిడ్నీ రోగులు మెయిన్ రోడ్డు మీద దిగి, ముప్పావు కిలోమీటరు నడిచి వెళ్ళాలి, నడిచి రావాలి.

తొమ్మిదో నంబరు డిపో మేనేజరు వెంటపడి, కమిటీ ముందు మాట్లాడడానికి పదిహేను నిమిషాలు సంపాదించింది. లాప్‌టాప్ చంకన పెట్టుకుని మా ఇంటికొచ్చింది. నలభై స్లైడులు తయారు చేసిందట. మొదటి దాంట్లో నమస్కారాలు, రెండో దాంట్లో సంస్థ చరిత్ర, మూడో దాంట్లో పువ్వులు.

నేను పువ్వులు పీకేశాను. చరిత్ర తీసేయించాను. నమస్కారం నోటితో పెట్టుకోవచ్చన్నాను. ఆ తర్వాత అసలు కిటుకు చెప్పాను. స్లైడులు నడుస్తుండగా ఏ అంకె కొట్టి ఎంటర్ నొక్కితే, నేరుగా ఆ నంబరు స్లైడు మీదికే పోతుంది. బాణాలతో వెతుకులాట ఉండదు. ఏ స్లైడు నంబరెంతో కంఠతా వస్తే చాలు.

ఆమె ముఖం వేలాడేసింది. నలభై నంబర్లు ఎవరికి గుర్తుంటాయి అంది. అంతలోనే ఏదో తట్టి, వేళ్ళ మీద ఏవో ఎంచుకుని, “మావయ్యా, ఒకటో స్లైడు ఒకటో స్టాపు, రెండోది రెండో స్టాపు, అలా పంతొమ్మిదే పెడితే? నిద్రలో లేపి అడిగినా చెప్తాను” అంది.

ముప్పైరెండేళ్ళలో పెద్దపెద్ద చదువులవాళ్ళెవరికీ రాని ఆలోచన అది. పైకి మాత్రం, ఏదో ఫర్వాలేదన్నాను. మెచ్చుకుంటే పిల్లలు పాడైపోతారు.

వారం రోజులు మా ముందుగది మీటింగు హాలైంది. మా ఆవిడ అధ్యక్షుడు. ఆవిడ గరిటెతో బల్ల మీద కొడుతూ “తర్వాత” అంటుంటే, ఈ పదవి కోసమే పుట్టిందేమో అనిపించింది. బి అక్షరం నొక్కితే తెర నల్లబడుతుందని, మళ్ళీ నొక్కితే వెలుగుతుందని కూడా నేర్పాను. తెర వెలుగుతున్నంతసేపూ జనం తెరనే చూస్తారు. అది ఆరితే చూడ్డానికి మనిషి ఒక్కతే మిగులుతుంది.

మీటింగు రోజు పొద్దున్నే హాలు తెరిచి, మా ఇంటిపిల్ల స్లైడులు హాలు కంప్యూటరులోకి ఎక్కించాను. కంప్యూటరు మధ్యలో నిద్రపోకుండా సెట్టింగు మార్చాను, మెసేజీలు ఆపాను, ప్రొజెక్టరు అద్దం తుడిచాను. స్టాండు మీది కీబోర్డు కూడా తడిగుడ్డతో శుభ్రంగా తుడిచాను. ఈ కీబోర్డు సంగతి ఎందుకు చెబుతున్నానో ఇంకాసేపట్లో మీకే తెలుస్తుంది. అప్పట్లో నాకూ తెలియదు.

ముందు ఇంజనీరు వంతు. తన సొంత లాప్‌టాప్ తెచ్చుకున్నాడు. నాకు బంధువైనా కాకపోయినా చెప్పాల్సింది చెప్పడం నా పద్ధతి. అప్‌డేట్ వచ్చి కూర్చుందేమో చూసుకోండి, వాయిదా వేయండి అన్నాను. “మీరు వైర్లు చూసుకోండి తాతగారూ” అన్నాడు, మర్యాదగానే. అతని స్లైడుల్లో ఒక్కో అక్షరం గాల్లో పల్టీ కొట్టి వచ్చి కూర్చుంటుంది. వాక్యం పూర్తయ్యేలోపు వెనక వరుసలో ఇద్దరు కునుకు తీసి, కల కని, లేచారు. అయినా అంకెలు గట్టివే. స్టాపుకు ఇద్దరు, పన్నెండు నిమిషాలు. తర్వాతగారు తల ఊపాడు. ఆయన తల ఊపడం నేను పదేళ్ళలో మూడుసార్లు చూశాను. సరిగ్గా ముగింపు చెప్పబోతుండగా లాప్‌టాప్ నీలంగా మారి, తనకు అప్‌డేట్ కావాలని, దయచేసి ఆపవద్దని వేడుకుంది. జనం నవ్వారు గానీ, చెప్పాల్సింది అప్పటికే చెప్పేశాడు.

తొమ్మిదో నంబరు ఖాకీ చొక్కాతోనే వచ్చింది. స్టాండు దగ్గర నిలబడి నమస్కారం పెట్టింది, నోటితోనే. ఇంకా రెండు మాటలైనా కాలేదు, పెన్సిలు టకటకమంది.

“అవన్నీ తర్వాత. అసలా పదిహేడో స్టాపు సంగతేంటి? ఇద్దరు కూడా ఎక్కడం లేదంటున్నారుగా” అన్నాడు తర్వాతగారు.

నేను వెనక గోడకానుకుని లోలోపల నవ్వుకున్నాను. ఆమె తడుముకోకుండా ఒకటి, ఏడు, ఎంటర్ కొట్టింది. తెర మీద ముందు ఆఖరి స్లైడు మెరిసింది. ఆ వెంటనే మొట్టమొదటిది. చివరికి రెండో స్టాపు వచ్చి నిలబడింది. కూరగాయల మార్కెట్టు, నిండా వంకాయల గంపలు.

తర్వాతగారు కళ్ళజోడు సవరించుకుని, “డయాలసిస్ ఇక్కడ చేస్తున్నారా అమ్మా?” అన్నాడు.

హాలు ఘొల్లుమంది. ఆమె మళ్ళీ కొట్టింది. మళ్ళీ వంకాయలు. సంగతేమిటో నాకు అప్పుడు వెలిగింది. ఇంట్లో లాప్‌టాప్‌కు అంకెలు పై వరసలోనే ఉంటాయి. ఈ కీబోర్డుకు కుడిపక్కన, ఫోనుకు ఉన్నట్టే, అంకెల గుంపు ఇంకొకటి ఉంది. అలవాటైన చేయి అటే పోయింది. ఆ గుంపు పనిచేయాలంటే పైన నమ్‌లాక్ అనే మీట వేసి ఉండాలి. లేకపోతే అందులో ఒకటి నొక్కితే చివరికి, ఏడు నొక్కితే మొదటికి పోతుంది. ఆ మీట ఎప్పుడూ వేసే ఉంటుంది. పొద్దున తడిగుడ్డతో రుద్ది రుద్ది దాన్ని ఆర్పింది నేనే.

పరుగెత్తుకెళ్ళి చెప్పడానికి లేదు. మధ్యలో ఏడుగురు సభ్యులు, రెండు వరసల ఆఫీసర్లు. నేను గాల్లో వేలు ఆడిస్తున్నాను, ఆమె నావైపు చూడడం లేదు. ఇంజనీరు తల దించుకుని నవ్వు ఆపుకుంటున్నాడు. పెన్సిలు పైకి లేచింది.

బస్సు నడిరోడ్డు మీద ఆగిపోతే డ్రైవరు ముందు చూసేది జనాన్ని కాదు, స్టీరింగు ముందున్న దీపాలను. ఏది వెలుగుతోంది, ఏది ఆరిపోయింది అని. తొమ్మిదో నంబరు అదే చేసింది. చేతులు వెనక్కి తీసుకుని, తల వంచి, కీబోర్డును ఆ చివరి నుంచి ఈ చివరి దాకా నెమ్మదిగా చూసింది. కుడివైపు పైన మూడు చిన్న దీపాల గూళ్ళున్నాయి. మూడూ ఆరి ఉన్నాయి. అంకెల గుంపుకు సరిగ్గా నెత్తిన ఉన్నదాని కింది మీట నొక్కింది. ఆకుపచ్చ దీపం వెలిగింది. ఒకటి, ఏడు, ఎంటర్.

డయాలసిస్ కేంద్రం వెనక గేటు తెరనిండా పరుచుకుంది. పక్కనే ఆరు వారాల పట్టిక, రోజుకో వరస.

ఇక ఆమెను ఆపేవాళ్ళు లేరు. సర్వే చేసింది ఉదయం ఎనిమిదికీ పదికీ మధ్య, అదీ టికెట్టు మిషన్ల లెక్కతో అని చెప్పింది. మిషనుకు ఎక్కినవాళ్ళే తెలుస్తారు, దిగినవాళ్ళు తెలియరు. పదిహేడులో జనం ఉదయం దిగుతారు. ఎక్కేది పదకొండున్నర దాటాక. ట్రిప్పు షీటు వెనక ఆరు వారాలపాటు తాను గీతలు పెట్టుకుంది. రోజుకు పాతికమందికి తక్కువ దిగిన రోజు లేదు.

ఇంజనీరు లేచి, పదిహేను సంగతేమిటన్నాడు. ఒకటి, ఐదు, ఎంటర్. కుట్టుపని కేంద్రం, ముప్పైమంది ఆడవాళ్ళు. ఒక సభ్యుడు పద్నాలుగన్నాడు. పద్నాలుగు వచ్చింది. ఇంకొకాయన ఆరు అడిగాడు, చుట్టుతో ఆరుకు సంబంధమే లేదు, సరదా పుట్టి అడిగాడంతే. ఆరు కూడా వచ్చింది. తర్వాతగారు పెన్సిలు పక్కన పడేసి, ముందుకు వంగి, “ఇరవై మూడు” అన్నాడు.

“అక్కడికి బస్సు పోదు సార్. పంతొమ్మిదికే ఊరైపోతుంది” అంది ఆమె, మీట ముట్టుకోకుండానే.

ఆయన నవ్వాడు. ఇంతకు ముందు ఆ హాల్లో ఆయన నవ్వగా విన్నవాళ్ళు లేరు. ఎదురుగా ఉన్న నీళ్ళసీసా వణికింది, నా కళ్ళతో చూశాను.

అప్పుడామె బి నొక్కింది. తెర ఆరింది. అందరి కళ్ళూ ఖాకీ చొక్కా మీద పడ్డాయి.

“నాలుగు గంటలు సూదులతో పడుకుని లేచి వస్తారు సార్. మెట్టెక్కేటప్పుడు కడ్డీ పట్టుకునే బలం కూడా ఉండదు, కండక్టరు చేయి పట్టుకుంటారు. వాళ్ళను ముప్పావు కిలోమీటరు నడవమని చెప్పాలంటే, ఆ మాట గేటు దగ్గరికొచ్చి మీరే చెప్పండి. నావల్ల కాదు” అంది. ఆపైన, “చుట్టు ఉంచండి. వీలైతే పదకొండున్నరకు ఇంకో ట్రిప్పు వేయండి. నేనే నడుపుతాను” అంది.

తర్వాతగారు “తర్వాత” అనలేదు. సభ్యులవైపు అటూ ఇటూ చూశాడు. ఏడు చేతులూ లేచాయి. చుట్టు ఉంటుంది, పదకొండున్నర ట్రిప్పు సోమవారం నుంచే మొదలు అని గుమాస్తా చేత అక్కడికక్కడే రాయించాడు. ఇంజనీరు తన సర్వే మధ్యాహ్నం కూడా చేయిస్తానని లేచి ఒప్పుకున్నాడు. మనిషి మంచివాడే. బయటికి పోతూ పోతూ, ఆ తెర ఆరే మీట ఏదని నన్ను మెల్లగా అడిగి చేతి మీద రాసుకున్నాడు.

సోమవారం నేనూ మా ఆవిడా ఆ పదకొండున్నర బస్సెక్కాం. కిటికీ పక్కన కూర్చుని, ఈ ట్రిప్పు వేయించింది ఎవరనుకున్నారని ముందుసీటువాళ్ళకి కథ మొదలుపెట్టాను. కమిటీ సభ్యులు ఏడుగురని నేను అనబోయేలోపు నా నోట్లో వాళ్ళు పదిహేనుమంది అయ్యారు. పదిహేడులో బస్సాగింది. ఒక్కొక్కరే, కండక్టరు చేయి పట్టుకుని, తొందరేమీ లేకుండా ఎక్కారు. ఎంతమందో తొమ్మిదో నంబరు అద్దంలో చూసి గీతలు పెట్టుకుంటూనే ఉంది. సీట్లన్నీ నిండిపోయాయి. మోచేతికి కట్టు కట్టుకున్న ఒక పెద్దావిడ నా పక్కకొచ్చి నిలబడింది.

“లేవండి బాబూ. కథ నిలబడి కూడా చెప్పుకోవచ్చు” అంది.

లేచి నిలబడ్డాను. పంతొమ్మిది దాకా నిలబడే ఉన్నాను. సీటు దొరకనందుకు అంత గర్వపడ్డ ప్రయాణికుణ్ణి ఆ బస్సు అంతకుముందెన్నడూ మోసి ఉండదు.