పద్నాలుగు రోజుల చెకింగ్

ఏడుపు నాకు మెషీన్ రూముల్లోనే వస్తుంది. ఇల్లు, రోడ్డు, ఆఫీసు అన్నీ ఎలాగోలా గడిచిపోతాయి. ఏదో ఒక భవనం పైకప్పు మీది ఆ ఇరుకు గదిలోకి వెళ్లి, తలుపేసి, మోటారు ఆన్ చేశానా, ఇక ఆగదు. లిఫ్టు మెకానిక్‌గా ఇరవై రెండేళ్లు గడిచాయి. మోటారు చప్పుడు ఇందుకు కూడా పనికొస్తుందని ఈ ఏడాదే తెలిసింది.

ఎందుకు ఏడుస్తావయ్యా అంటే చెప్పలేను. ఎవరూ పోలేదు. ఉద్యోగం ఉంది. మా ఆవిడ బంగారం. కూతురు నాతో ముక్తసరిగా మాట్లాడుతుంది కానీ ఆ వయసులో అందరూ అంతే. ఒక్క కారణమంటూ ఉంటే బాగుండేది, దాన్ని పట్టుకుని నాలుగు తిట్లు తిట్టుకునేవాణ్ణి.

మా ఆవిడ బట్టల షాపులో పనిచేస్తుంది. కొనే మనిషెవరో, ఊరికే చూసిపోయే మనిషెవరో గుమ్మంలోనే పసిగట్టేస్తుంది. అలాంటిది నా సంగతి కనిపెట్టడానికి ఆవిడకి మూడు నెలలు పట్టింది. ఒక ఆదివారం మధ్యాహ్నం కంచం ముందు ముప్పావుగంట చెయ్యి కదపకుండా కూర్చున్నానట. నా లెక్కలో అది ఐదు నిమిషాలే. మర్నాడు షాపుకి సెలవు పెట్టి, మానసిక వైద్యం చేసే క్లినిక్‌కి వెళ్లి, ఒక ఫారం పట్టుకొచ్చింది.

అందులో పదకొండు ప్రశ్నలు. గత రెండు వారాల్లో ఫలానాది ఎన్నాళ్లు అనిపించింది అని అడుగుతారు. అస్సలు లేదంటే సున్నా, దాదాపు రోజూ అంటే మూడు. అన్నీ కూడితే పది దాటాలి. దాటితే డాక్టరమ్మ వారానికోసారి కూర్చోబెట్టి మాట్లాడుతుంది. దాటకపోతే మూడు నెలలాగి మళ్లీ రమ్మంటారు. వరసలో జనం ఎక్కువ, డాక్టరమ్మ ఒక్కతే. సిగ్గు విడిచి చెబుతున్నాను, నాకు ఆ గదిలోకి వెళ్లాలనే ఉంది. ఎవరో తెలియని మనిషి ముందు కూర్చుని, మోటారు చప్పుడు లేకుండా ఒక్కసారి ఏడవాలని ఉంది.

జరిగిపోయిన రెండు వారాలు గుర్తు తెచ్చుకుని రాయమంటే నాకు నమ్మకం కుదరలేదు. కంచం ముందు ముప్పావుగంటని ఐదు నిమిషాలనుకున్నవాణ్ణి నేను. అందుకని ఆ రోజు నుంచి రోజూ సాయంత్రం కంపెనీ ఇచ్చిన వ్యాన్‌లో కూర్చుని పదకొండు ప్రశ్నలకీ ఒక పుస్తకంలో అంకెలు వేసుకుని, పద్నాలుగు రోజులయ్యాక ఫారంలోకి ఎక్కిద్దామనుకున్నాను. పెద్ద తెలివైనవాణ్ణి మరి.

ఇక్కడ మా పని గురించి కొంచెం చెప్పాలి. ప్రతి లిఫ్టుకీ మెషీన్ రూములో ఒక చెకింగ్ కార్డు వేలాడుతుంది. బ్రేకు, తాళ్లు, తలుపులు, బటన్లు, అన్నీ చూసి రాయాలి. నాకు పని నేర్పిన మేస్త్రి మొదటి రోజే చెప్పాడు, లోపం కనిపిస్తే కార్డు మీద రాయకు, ముందు బాగుచెయ్యి, చేశాకే బాగుందని రాయి, జనం ఎక్కేది నీ రాతని కాదు, లిఫ్టుని. ఇరవై రెండేళ్లలో నేను రాసిన కార్డుల్లో ‘బాగుంది’ తప్ప ఇంకో మాట లేదు.

మొదటి రోజు సాయంత్రం పుస్తకం తెరిచాను. తిండి మీద ధ్యాస లేకపోవడం. నిజమే, పొద్దుట్నుంచి ఏమీ తినలేదు. ఎదురుగా ఉన్న హోటల్‌కి వెళ్లి, నీళ్లతో దిగమింగుతూ కడుపునిండా తిని, వచ్చి సున్నా వేశాను. నిద్ర పట్టకపోవడం. మర్నాడు మధ్యాహ్నం వ్యాన్ వెనకాల నడుం వాల్చి, బలవంతాన కళ్లు మూసుకుని, లేచి సున్నా వేశాను. ఎవరితోనూ మాట్లాడాలనిపించకపోవడం. మా బావకి ఫోన్ చేశాను. ఏడాదిగా చెయ్యలేదు. ఆయన తన మోకాళ్ల గురించి అరగంట చెప్పి నా తల తినేశాడు. సున్నా.

తొమ్మిదో ప్రశ్న, బతికి ఏం లాభం అనిపించడం. అది ఒక పైకప్పు మీద గట్టిగానే అనిపించింది. గబగబా మెట్లు దిగి, కింద గుమ్మం దగ్గర వచ్చేపోయే జనాన్ని చూస్తూ, ఆ ఆలోచన వదిలేదాకా కూర్చున్నాను. వదిలాక పుస్తకం తీసి సున్నా వేశాను.

అబద్ధం రాస్తున్నానని నాకు ఒక్క క్షణం కూడా తోచలేదు. ఆ పద్నాలుగు రోజులు నా మీద నేను చేసినంత మరమ్మతు ఏ లిఫ్టుకీ చెయ్యలేదు. రోజూ సాయంత్రానికి ఒంట్లో ఓపిక చచ్చిపోయేది. చివరి రోజు పుస్తకం చూసి సున్నాలన్నీ ఫారంలోకి ఎక్కించి, సంతకం పెట్టి, మడిచి జేబులో పెట్టుకున్నాను.

క్లినిక్‌లో కౌంటర్ దగ్గరి అమ్మాయి పదకొండు అంకెలూ కూడింది. పెద్దగా కూడేదేముంది. చాలా బాగున్నారు సార్ అని నవ్వింది. పక్కనే ఉన్న మా ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, అందరి ముందూ ఏడ్చేసింది. సంతోషంతో. నేను ఏం చేశానో అప్పుడు తెలిసింది. డాక్టరమ్మ గది తలుపు కౌంటర్‌కి నాలుగడుగుల దూరంలో ఉంది.

"ఇందులో తప్పు రాశానమ్మా," అన్నాను.

ఆ అమ్మాయి విసుక్కోలేదు. ఫారం నావైపు తిప్పి, పెన్ను చేతికిచ్చింది. "ఏది తప్పో దిద్దెయ్యండి సార్. పక్కన చిన్న సంతకం పెడితే చాలు."

పదకొండూ తప్పే. పెన్ను తిన్నగా తొమ్మిదో ప్రశ్న దగ్గరికి వెళ్లి ఆగింది. మా ఆవిడ కళ్లు తుడుచుకుంటూ నా భుజం మీంచి వంగి చూసింది. "ఏది తప్పండీ?" అంది. ఆ గొంతులో నవ్వు ఇంకా అలాగే ఉంది. ఎన్ని నెలలైందో ఆ నవ్వు విని. అక్కడ నేను సున్నా కాక ఏ అంకె వేసినా డాక్టరమ్మ కంటే ముందు ఆవిడ చదువుతుంది. ఇక్కడే, నిలబడి, నా భుజం మీద చెయ్యి వేసి చదువుతుంది.

పెన్ను పైకి జరిపాను. నిద్ర పట్టకపోవడం దగ్గర సున్నా కొట్టేసి, ఒకటి వేసి, సంతకం పెట్టాను.

"దీనికా ఇంత కంగారుపెట్టారు," అంది మా ఆవిడ.

ఆ అమ్మాయి కింద మొత్తం దగ్గర కూడా ఒకటి అని దిద్ది, మూడు నెలల తర్వాతి తేదీ వేసిన చీటీ ఇచ్చింది. నేను ఇంకా పెన్ను పట్టుకునే ఉన్నాను. మా ఆవిడ దాన్ని నా వేళ్ల మధ్య నుంచి తీసి, మూత పెట్టి, ఆ అమ్మాయికి ఇచ్చేసింది.