జాకీ మీద కొలత

మా దుకాణంలో రెండేళ్ళుగా కదలని సరుకు ఒకటుండేది. మా ఇంట్లో మూడేళ్ళుగా కదలని సరుకు ఇంకొకటుండేది. మొదటిది ఎనభై రెండు కిలోల ఇనుప బంపరు. రెండోది నా బావమరిది. ఈ రెండింటినీ ఒకదానికొకటి బిగించి ఒకేసారి సాగనంపవచ్చని తట్టిన రోజున, ఇరవై ఏళ్ళ వ్యాపారంలో నా బుర్ర ఇంత చురుగ్గా ఎప్పుడూ పనిచేయలేదని మురిసిపోయాను.

నేను కొండదారుల్లో తిరిగే జీపులకు కావలసిన సామాను అమ్ముతాను. కంపెనీ ఇచ్చిన బంపరు ఒక్క రాయి తగిలితే రేకు డబ్బాలా నలిగిపోతుంది కనుక, దాన్ని తీసేసి గట్టిది వేయించుకోవడానికి వస్తారు. ఇన్నేళ్ళలో నేను కనిపెట్టిన సంగతేమిటంటే, బంపరు కొన్నవాడికి బండి నడిపేటప్పుడు అది కనబడదు. ఎదురొచ్చేవాడికే కనబడుతుంది. అందుకే కొనేవాడు తన దారిని కాకుండా ఎదురొచ్చేవాడి మొహాన్ని ఊహించుకుని ఎంచుకుంటాడు. అలాంటివాడి కోసమే ఆ ఎనభై రెండు కిలోలది తెప్పించాను. దానికి మేం పెట్టుకున్న పేరు ఏనుగు. వచ్చినవాళ్ళంతా దాన్ని చేత్తో తట్టి, "అబ్బో" అని, తేలికది కొనుక్కుని వెళ్ళేవారు. అది గుమ్మం పక్కన సగం దారి ఆక్రమించుకుని కూర్చుంది. నా మోకాలి కింద మూడు మచ్చలున్నాయి. మూడూ దాని చలవే.

ఇక రెండో సరుకు. మా ఆవిడ తమ్ముడు ఒక వారం ఉండి వెళ్తానని వచ్చి మేడమీద గదిలో దిగాడు. ఆ వారం ఇంకా నడుస్తూనే ఉంది. మంచివాడే. గొడవ పడడు, పెట్టింది తింటాడు. ముక్కలు ముక్కలుగా తెచ్చుకున్న పాత జీపును మా పెరట్లోనే నిలబెట్టి నడిపించాడు. కానీ ఉదయం ఆరున్నరకు స్నానాల గదిలోకి వెళ్తే ఏడు పదికి గానీ బయటికి రాడు. రోజుకు నలభై నిమిషాలు. ఒకరోజు తలుపు బయట నిలబడే లెక్క కట్టాను. మూడేళ్ళలో నిండా ఒక నెల, రాత్రీ పగలూ కలిపి, నేను తువ్వాలు భుజాన వేసుకుని ఆ తలుపు ముందు నిలబడ్డాను.

అలాంటి సమయంలో కొండమీద రాతిగని వాళ్ళు నోటీసు వేశారు. సొంత జీపున్న డ్రైవరు కావాలి. పనివాళ్ళనూ సామానునూ పైకి చేరవేయాలి. ఉండడానికి గది ఇస్తారు. ఈ చివరి మాటను వాడు రెండుసార్లు చదివాడు. నేను నాలుగుసార్లు చదివాను.

పెట్టబోయే పరీక్ష ఏమిటో కూడా అందులోనే రాశారు. బండికి ముందు కొక్కేలున్న గట్టి ఇనుప బంపరు ఉండాలి. గురువారం ఉదయం గని గేటు దగ్గర ముప్పై ఐదు డిగ్రీల వాలున్న దిబ్బను, బంపరు నేలకు తగలకుండా ఎక్కాలి. ఒంటిగంటకు గేటు మూస్తారు. అప్పటికి ఎవరూ నెగ్గకపోతే గనివాళ్ళే ఒక బండి కొనుక్కుని తమ మనిషితోనే నడిపించుకుంటారు, బయటి డ్రైవరూ ఉండడు, గదీ ఉండదు.

బుధవారం మధ్యాహ్నం వాడు జీపు తీసుకుని దుకాణానికి వచ్చాడు. వాడిదీ నాదీ ఒకే రకం జీపు. నా బండికి తేలికపాటి గొట్టం బంపరుంది, ఇరవై ఆరు కిలోలు, రెండు చివర్లూ పైకి వంచి ఉంటాయి. దాని పేరు పిట్ట. అలాంటిది ఇంకోటి తెప్పించాలంటే నెల పడుతుంది.

"బావా, మీ పిట్టను నాకిచ్చేయండి. మీరెటూ కొండెక్కరు కదా," అన్నాడు.

"గనిలో పైనుంచి ఒక రాయి దొర్లిందనుకో, పిట్ట ఎగిరిపోతుంది. ఏనుగైతే నిలబడుతుంది."

"మరి మీరెందుకు పిట్టను పెట్టుకున్నారు?"

"నేను రాళ్ళలో తిరగను కాబట్టి."

"అయితే మీకసలు బంపరే అక్కర్లేదు."

మా ఫిట్టరు దగ్గాడు. పదేళ్ళుగా నా దగ్గరున్న పెద్దమనిషి. నవ్వు వచ్చినప్పుడల్లా ఆయనకు దగ్గు వస్తుంది.

"ఒరేయ్, గనిలో పరీక్ష పెట్టే ఇంజనీరమ్మ నీ బండిని ముందువైపు నుంచే కదా చూసేది. ఏనుగును చూసిందంటే సగం ఉద్యోగం ఇచ్చేసినట్టే," అన్నాను.

"సగం ఉద్యోగానికి గది ఇస్తారా బావా?"

అప్పటికే మా ఆవిడ ఫ్లాస్కులో టీ తెచ్చి గుమ్మంలో నిలబడి ఉంది. ఏనుగును చూసింది, తమ్ముణ్ణి చూసింది, నన్ను చూసింది. "ఏమండీ, అది వాడి బండికి సరిపోతుందా, మీ గుమ్మానికి సరిపోతుందా?" అంది.

నేను ఫ్లాస్కు మూత నిండా ఇంకొంచెం టీ పోసుకున్నాను.

అయినా నేను మోసం చేయాలనుకోలేదు. వాడు నెగ్గాలి, గది ఖాళీ కావాలి, నా లెక్కకు ప్రాణం అదే. అందుకని కొలత వేసే ఇద్దామనుకున్నాను. మా దగ్గర దానికొక చెక్క ఉంటుంది. ఒక కొనను ముందు చక్రం నేలను తాకే చోట పెట్టి, రెండో కొనను బంపరు కిందుగా పైకి లేపుతూ పోవాలి. ఎక్కడ తగులుతుందో అంత వాలున్న గట్టు వరకే ఆ బండి ఎక్కగలదు. బంపరు పక్కన నిలబెట్టే పుల్ల మీద, ముప్పై ఐదు డిగ్రీల వాలుకు చెక్క ఎంత ఎత్తు లేవాలో అక్కడ సరిగ్గా గీత గీసుకున్నాను.

ఫిట్టరు ఏనుగును జాకీ మీద పైకి లేపి, ఆరు బోల్టులూ బిగించాడు. నేను వంగి చెక్క పెట్టి లేపాను. పుల్ల మీది గీత దాటింది. ఇంకా వేలు దూరేంత ఖాళీ మిగిలింది.

"చూడరా," అన్నాను.

వాడు చూశాడు. వేలు దూర్చి మరీ చూశాడు. "బాగుంది బావా," అన్నాడు. ఫిట్టరు ఏదో అనబోయి, నా మొహం చూసి, మళ్ళీ దగ్గి, బండి కిందికి వెళ్ళిపోయాడు.

గురువారం నేనూ మా ఆవిడా ఫిట్టరూ నా జీపులో, వాడు వాడి జీపులో గని గేటుకు చేరాం. దారంతా చదును. ఏనుగు ఎండలో నిగనిగలాడుతూ ముందు వెళ్తోంది. ఎదురొచ్చే లారీవాళ్ళు తప్పుకుంటున్నారు. నాకు కడుపు నిండిపోయింది.

ఇంజనీరమ్మ సన్నగా, ఎర్ర టోపీతో, చేతిలో సున్నం బకెట్టుతో నిలబడి ఉంది. బంపరు అడుగు అంచు పొడుగునా తడి సున్నం పూసింది. దిబ్బ ఎక్కి దిగాక సున్నం చెరిగితే తగిలినట్టు, చెరగకపోతే నెగ్గినట్టు. వాదనకు తావులేని పద్ధతి. నా దుకాణంలో అలాంటిది ఎప్పుడూ పెట్టకూడదని అప్పుడే అనుకున్నాను.

వాడు మెల్లగా దిబ్బ దగ్గరికి వెళ్ళాడు. చక్రాలింకా వాలును తాకనే లేదు, ఏనుగు మూతి మట్టిలో దిగింది. సొరకాయంత గుంట పడింది.

ఇంజనీరమ్మ వంగి సున్నం చూడనైనా లేదు. "ఒంటిగంట దాకా టైముంది. ఏమైనా మారుస్తారేమో చూసుకోండి," అని నీడలోకి వెళ్ళింది.

"కొలిచాం కదా బావా. వేలు కూడా దూరింది," అన్నాడు వాడు. గొంతులో కోపం లేదు. అదే నాకు కష్టంగా ఉంది.

బండిలోంచి చెక్కా పుల్లా తీసి మళ్ళీ పెట్టాను. గీతకు రెండు వేళ్ళ కిందే తగిలింది. బయటికి తీసి మళ్ళీ పెట్టాను. చెక్క మనసు మార్చుకోలేదు. ఫిట్టరు వైపు తిరిగాను.

"నిన్న సరిపోయింది కదయ్యా?"

"నిన్న కింద జాకీ ఉంది సారు."

అప్పుడు గుర్తొచ్చింది. మా దుకాణంలో అది పదేళ్ళ అలవాటు. బరువు బంపరు బిగించాక, జాకీ తీయకముందే గిరాకీకి కొలత చూపించాలి. జాకీ బరువు మోస్తున్నంతసేపూ బండి మూతి పైకే ఉంటుంది. తీశాక బరువుకు స్ప్రింగు పట్టీలు కుంగి మూతి కిందికి దిగుతుంది, అది వాళ్ళు ఇంటికి వెళ్ళాక సంగతి. చదును రోడ్డు మీద తిరిగేవాళ్ళకు ఎప్పటికీ తెలియదు కూడా. జాకీ కనబడకుండా దానిమీద ఒక గోనెపట్టా కప్పమని ఫిట్టరుకు నేర్పింది నేనే. నిన్న కూడా ఆయన అలవాటు ప్రకారం కప్పాడు. నేను నా అలవాటు ప్రకారం కొలిచాను. తేడా ఏమిటంటే, ఈసారి ఆ కొలతను నేను కూడా నమ్మాను.

"మరి చెప్పొచ్చు కదయ్యా."

"మీరు తెలిసే చేస్తున్నారనుకున్నాను సారు. బావమరిదికి కూడానా అని ఒక్క క్షణం అనిపించింది. ఇంటి విషయం, మనకెందుకని ఊరుకున్నాను."

మా ఆవిడ అంతా విన్నది. నా చేతిలో ఉన్న నా జీపు తాళం చెవిని చూసింది, నా జీపు ముందున్న పిట్టను చూసింది. తర్వాత తన ఫ్లాస్కు మూత తీసి ముందుకు చాచింది.

"బోల్టులు ఇందులో వేయండి. పోతాయి," అంది.

టైము పదకొండున్నర. నా బండి పిట్టను ఇరవై నిమిషాల్లో విప్పాం. ఏనుగును విప్పడానికి అంతకు రెట్టింపు పట్టింది. ఎనభై రెండు కిలోలంటే దుకాణంలో కాగితం మీద ఒక అంకె. చేతుల మీదికొస్తే అది వేరే జీవం. నేనొక పక్క, వాడొక పక్క, మధ్యలో ఫిట్టరు. మూడడుగులు వేసి దించేలోపు నా మోకాలి కింద నాలుగో మచ్చ పడింది.

పిట్టను బిగించాక వాడు చెక్క అడిగాడు. ఇచ్చాను. చెక్క పెట్టేముందు మోకాళ్ళమీద కూర్చుని బండి కిందంతా ఒకసారి కలియజూశాడు.

"ఏం వెతుకుతున్నావురా?"

"గోనెపట్టా బావా."

ఫిట్టరుకు చాలాసేపు దగ్గు తగ్గలేదు.

పన్నెండు యాభైకి ఇంజనీరమ్మ మళ్ళీ సున్నం పూసింది. వాడు దిబ్బ మొదట్లో ఒక్క క్షణం ఆగి, చక్రాలను నెమ్మదిగా వాలుకు ఆనించి, అలాగే పైదాకా వెళ్ళి, అవతలివైపు దిగి, చుట్టూ తిరిగి వచ్చి నిలబెట్టాడు. ఆ నాలుగు నిమిషాల్లో మాత్రం నాకు స్నానాల గది గుర్తుకు రాలేదు. వాడు ఆ జీపుకు ఒక్కొక్క ముక్కా పెరట్లో ఎలా అతికించాడో అదే గుర్తొచ్చింది.

ఇంజనీరమ్మ వంగి, ఈ చివరి నుంచి ఆ చివరి దాకా వేలు తాకించకుండా చూసింది. సున్నం చెరగలేదు.

"సాయంత్రం వచ్చి గది తాళం తీసుకోండి," అని, "బంపరు బాగుంది. ఎక్కడ వేయించారు?" అంది.

"మా బావ సొంత బండిది మేడం. నా కోసం విప్పి ఇచ్చారు," అన్నాడు వాడు. నిజమే చెప్పాడు. అయినా ఆ మాట విని తలెత్తి నిలబడడానికి నాకు కొంచెం టైము పట్టింది.

ఏనుగును ఒళ్ళో పెట్టుకుని రాలేం కనుక నా జీపుకే బిగించి తెచ్చాం. మర్నాడు ఆరున్నరకు నేను తువ్వాలు వేసుకుని రాజాలాగా నడిచి వెళ్తే స్నానాల గది తలుపు మూసి ఉంది. లోపల మా ఆవిడ. మూడేళ్ళుగా తానూ వరసలో ఉన్నానని, తన వంతు ఇప్పుడు వచ్చిందని లోపల్నుంచే చెప్పింది. ఏడు పదికి బయటికొచ్చింది.

ఏనుగు ఇంకా నా బండికే ఉంది. దుకాణం ముందున్న చిన్న వాలు ఎక్కేటప్పుడు రోజూ గర్రుమని గీరుకుంటుంది. ఆ చప్పుడు విని ఫిట్టరు నా కోసం టీ పోసి ఉంచుతాడు. పిట్టకు ఇంకోటి తెప్పించాను గానీ, అది వచ్చిన రోజే గనికి వచ్చిపోయే జీపు డ్రైవరొకడు వచ్చి పట్టుకుపోయాడు.

గని నుంచి నెలకు ఇద్దరు ముగ్గురైనా వస్తున్నారు. బావమరిది పంపిస్తున్నాడు. ఇంతమంది కొత్తవాళ్ళను నాకు ఏ బోర్డూ తెచ్చిపెట్టలేదు. కాకపోతే ఒక్కొక్కరూ లోపలికి రాగానే నమస్కారం కంటే ముందు ఒకే మాట అంటారు.

"ముందు జాకీ తీయండి సారు. తర్వాత చెక్క పెడదాం."

తీస్తున్నాను. గోనెపట్టాను మా ఆవిడ మేడమీద గది గుమ్మంలో కాళ్ళు తుడుచుకోవడానికి వేసింది.