కిన్నియర్ దొర గోత్రం

దుబాయ్ జెబెల్ అలీ ఫ్రీ జోన్‌లో పంతొమ్మిదేళ్ళు గోదాములు నడిపిన అలిస్టర్ కిన్నియర్‌కు, ఆ గోదాముల్లో పెట్టెలు మోసేవాళ్ళలో పది మంది పేర్లు కూడా తెలియవు. పోచన్నను మూడేళ్ళు ప్రమోద్ అని పిలిచాడు, తర్వాత పిలవడమే మానేశాడు. అటువంటి మనిషికి, ఉద్యోగం చాలించి స్కాట్లండ్ వెళ్ళిపోయే నెలలో, రెండు వందల ఏళ్ళ కింద చచ్చిన తాతముత్తాతల పేర్లన్నీ కావలసి వచ్చాయి. వాళ్ళు ఏ వీధిలో ఉన్నారో, ఏ గుమ్మంలోంచి బయటికి నడిచారో తెలియాలట. వెతుక్కునే తీరిక మాత్రం లేదు.

ఆ పని దేవేందర్ మీద పడింది. దేవేందర్ ఆఫీసు అసిస్టెంట్. జగిత్యాలలో బీకాం చదివాడు. వాళ్ళ ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటి మనిషి అతనే. చెప్పిన పని చెప్పినట్టు చేస్తాడని పేరు. అతన్ని డాక్యుమెంట్ కంట్రోలర్‌గా మారుస్తూ రాసిన ఉత్తరం దొర బల్ల మీద నెల రోజులుగా సంతకం లేకుండా పడి ఉంది. ఆ సంతకం పడితేనే భార్య మంజులకూ నాలుగేళ్ళ పాపకూ వీసా వస్తుంది. దొర వెళ్ళిపోయి కొత్త ముదీర్, అంటే మేనేజర్, వస్తే కథ మళ్ళీ మొదటికే. వంశవృక్షం పూర్తిచేస్తే సంతకం చేస్తానన్నాడు దొర, కుక్కకు బిస్కెట్ చూపించినట్టు.

దేవేందర్‌కు ఆ పని చూస్తే ఒళ్ళు మండింది. వాళ్ళది గోత్రాలు చెప్పే కులం. తండ్రి రాజమౌళి పన్నెండు ఊళ్ళ దొరల వాకిళ్ళలో నిలబడి, వాళ్ళ పూర్వీకుల పేర్లు వరసగా పాడి, పెట్టిన గింజలు మూట కట్టుకొచ్చేవాడు. ఆ పాట తన నోటికి రాకూడదనే దేవేందర్ బీకాం చదివాడు, సముద్రం దాటాడు. ఇప్పుడా పనే అతన్ని వెతుక్కుంటూ దుబాయ్ వచ్చింది. ఈ సంగతి ఇక్కడ పక్కూరి పోచన్నకు ఒక్కడికే తెలుసు. ఆ ఒక్కడు చాలు.

"బీకాం చదివి మల్ల గోత్రాలల్లనే వడ్డవు గదరా," అన్నాడు పోచన్న, రూములో రొట్టెలు కాలుస్తూ. "మీ బాపు తంబుర వట్టిండు, నువ్వు కంప్యూటర్ వట్టినవ్. దొరలే మారిండ్రు."

స్కాట్లండ్‌లో ఒక్కో చర్చి కింద ఉండే ఊళ్ళను కలిపి పారిష్ అంటారు. పుట్టుకలు, పెళ్ళిళ్ళు, చావులు ఆ చర్చి గుమాస్తా రాసిపెట్టేవాడు. ఆ పుస్తకాల ఫొటోలు కంప్యూటర్‌లో దొరుకుతాయి. దేవేందర్ రోజూ పని అయ్యాక గంటసేపు ఆర్డ్‌ముయిర్ అనే పారిష్ పేజీలు తిప్పాడు. చీమలు సిరాలో పడి లేచి నడిచినట్టున్న ఆ రాతలో ఒక్కొక్క కిన్నియర్‌ను పట్టుకుని వెనక్కి పోయాడు. పేరు దొరికినప్పుడల్లా మ్యాపులో ఆ వీధి తెరిచి చూశాడు. తాత జేమ్స్ ఉన్న సందు ఇప్పుడు కార్లు నిలిపే జాగా. ఇంకా వెనక విలియం ఉన్న ఇంట్లో ఇప్పుడు కుక్కలకు క్షవరం చేస్తున్నారు.

ఆ గుమ్మం చూసి దొర కళ్ళు తుడుచుకున్నాడు. పెద్దగా ప్రింటు తీసి గోడకు అంటించమన్నాడు. ఆ గోడ అవతల గోదాములో ఏసీ చెడిపోయి పదకొండు రోజులైంది. పోచన్న వాళ్ళు ఇచ్చిన ఫిర్యాదు కాగితం వెనకవైపే దొర ఆ ఫొటో కొలతలు రాసి ఇచ్చాడు.

విలియం తండ్రి దగ్గర చిక్కు వచ్చింది. దొర అందరికీ చెప్పుకున్న మాట ప్రకారం ఆయన వంశం కొండ మీది రాతి భవంతిలో పుట్టింది. ఆ భవంతి కిన్నియర్లు పక్క పారిష్ వాళ్ళు, వీళ్ళకేమీ కారు. విలియం తండ్రి డేవిడ్ దొరికింది చర్చి పెద్దల తీర్మానాల పుస్తకంలో. డేవిడ్ కిన్నియర్, కుంటివాడు. భార్య ఫలానా, కొడుకు విలియం. బిచ్చమెత్తుకోవడానికి అనుమతి ఇవ్వడమైనది. సీసపు బిల్ల, నంబరు నాలుగు. ఈ పారిష్ దాటి అడగరాదు.

దేవేందర్‌కు నవ్వాగలేదు. చివరి వాక్యం రెండోసారి చదివాక ఆగింది. పన్నెండు ఊళ్ళు దాటి అడగరాదన్నది వాళ్ళ ఇంటి కట్టుబాటు కూడా.

ఆ పేజీ పట్టుకెళ్తే, ఎవరో తప్పు రాశారన్నాడు దొర. ఇంకో డేవిడ్ అయి ఉంటాడన్నాడు. చివరికి కళ్ళద్దాలు తీసి, చిన్న పిల్లాడికి చెప్పినట్టు నిదానంగా చెప్పాడు.

"దేవ్, వంశం అంటే ఏమిటో మీవాళ్ళకు అర్థం కావడం కష్టం. ఈ మనిషిని తీసేసి విలియంను భవంతికి కలుపు. గురువారం పార్టీలో అందరి ముందూ నువ్వే చదవాలి. ఆ తర్వాత నీ ఉత్తరం మీద సంతకం."

నూట నలభై ఇళ్ళ ఏడేసి తరాలు కాగితం లేకుండా అప్పజెప్పే రాజమౌళి కొడుకుతో అన్న మాట అది. కుక్కల క్షవరం కొట్టు చూసి ఏడ్చిన మనిషి అన్న మాట. దేవేందర్ ఎస్ సార్ అన్నాడు.

ఆ సాయంత్రం ఇంటికి ఫోన్ చేశాడు. ఈ విషయం తండ్రితో మాట్లాడటం జన్మలో మొదటిసారి. నడుమ ఒక మనిషిని తీసేస్తే ఏమవుతుందని అడిగాడు.

"మీదికి ఎంతన్న పెంచు బిడ్డా," అన్నాడు రాజమౌళి. "సూర్యుని కొడుకన్నం, చంద్రుని మనుమడన్నం, ఎవ్వలు అడ్డం చెప్పిండ్రు? నడుమల మనిషిని మాత్రం తియ్యద్దు. తీస్తె కిందోళ్ళంత తండ్రి లేనోళ్ళయితరు."

"ఆయన బిచ్చగాడు బాపూ."

"అయితేంది? బిచ్చగాన్ని రాజు లెక్క చెప్పరాకపోతే నీకు చెప్పుడే రాదు." కాసేపు దగ్గి, అసలు సంగతి అడిగాడు. "నీకు ముట్టేది ముట్టిందా?"

పేర్లు చెప్పాకే ఇస్తానన్నాడని దేవేందర్ అన్నాడు. కొడుకు ఎంత చదివినా తెలివి రాలేదని తండ్రికి అప్పుడర్థమైంది. ముట్టేది ముట్టకముందే ఆఖరి పేరు చెప్పే గోత్రపువాడు ఏ ఊళ్ళోనూ లేడని, ఆ పేరు ముందు ఆగి తల వంచుకుని నిలబడితే ఎంతటి దొరైనా గింజల గుమ్మి మూత తీస్తాడని చెప్పి ఫోన్ పెట్టేశాడు.

గురువారం కాన్ఫరెన్స్ రూములో కేకు కోశారు. పక్క కంపెనీల మేనేజర్లు, వాళ్ళ భార్యలు వచ్చారు. లుంగీతో గోదాము గేటు దాటినందుకు పోచన్నకు ఫైన్ వేసిన దొర, ఆ రోజు మోకాళ్ళ పైకి వాళ్ళ దేశపు గళ్ళ లంగా కట్టుకుని తిరిగాడు.

దేవేందర్ నిలబడి మొదలుపెట్టాడు. అలిస్టర్, రాబర్ట్ కుమారుడు. రాబర్ట్, జేమ్స్ కుమారుడు. చెప్పింది ఇంగ్లీషులోనే అయినా గొంతులోకి తండ్రి దరువు తనంతట తానే వచ్చింది. గ్లాసులు కిందికి దిగాయి. విలియం దాకా వచ్చి ఆగాడు.

దొర చిరునవ్వుతో ఎదురుచూశాడు. చిరునవ్వు కొంచెం సన్నబడింది. దేవేందర్ ఫైలు తెరిచి, ఉత్తరం మీద పెన్ను పెట్టి, దొర ముందు ఉంచి తల వంచుకున్నాడు. తమ వైపు ఆఖరి పేరు ముందు చెప్పేవాడికి ఇవ్వాల్సింది ఇవ్వడం ఆచారమని మాత్రం అన్నాడు. అతిథులకు ఇదంతా వేడుకగా తోచింది.

"సంతకం పెట్టవయ్యా అలిస్టర్," అంది ఒకావిడ. "మాకు మీ పెద్దాయన కావాలి."

దేవేందర్ నోట్లో ఉన్నది భవంతో బిల్లో దొరకు తెలియదు. చెవులు ఎర్రబడ్డాయి. సంతకం గీకాడు.

"విలియం, డేవిడ్ కుమారుడు," అన్నాడు దేవేందర్. "చర్చి పెద్దలు సభ కూర్చుని, పేరు రాసుకుని, నాలుగో నంబరు బిల్ల చేతికిచ్చిన డేవిడ్. ఆ బిల్ల రొమ్ము మీద ఉండగా ఆర్డ్‌ముయిర్‌లో ఏ తలుపైనా తట్టే హక్కున్న డేవిడ్. నాగలి పట్టకుండా, ఎవరి కిందా కొలువు చేయకుండా, ఊరంతటి గింజల్లో వాటా తిన్న డేవిడ్."

ఒక్క అక్షరం అబద్ధం లేదు. గది చప్పట్లతో నిండింది. చర్చిలో అంత పెద్ద అధికారమా అని ఎవరో అడిగారు. దేవేందర్ దొర ముఖం చూశాడు. మొదట భయం, తర్వాత ఆశ్చర్యం. ఆ తర్వాత జరిగింది చూడటానికే అసహ్యంగా ఉంది: మొన్న తన కళ్ళతో ఆ పేజీ చదివిన మనిషి, నమ్మేశాడు. ఛాతీ ముందుకొచ్చింది. అవును, మా ఇంట్లో అలా అనుకునేవాళ్ళు అన్నాడు. పార్టీ ముగిసేలోగా ఆ బిల్లకు వెండి నకలు చేయించాలన్న కోరిక పుట్టింది. అదీ దేవేందరే చూడాలి.

బర్ దుబాయ్‌లో ఒక వెండి కొట్టువాడికి దేవేందర్ నమూనా గీసి ఇచ్చాడు. మధ్యలో నాలుగు అంకె, చుట్టూ పారిష్ పేరు. ఇది దేనికి గుర్తని కొట్టువాడు అడిగితే, పెద్దింటివాళ్ళదని చెప్పాడు. దొర దాన్ని కోటుకు పెట్టుకునే విమానమెక్కాడు.

"మీ బాపు గింజలు దెచ్చిండు, నువ్వు పెండ్లాన్ని దెస్తున్నవ్," అన్నాడు పోచన్న. గోదాములో ఏసీ ఇంకా బాగు కాలేదు.

ముద్ర పడిన ఉత్తరం ఫొటో మంజులకు పంపి, పాప పుట్టిన సర్టిఫికెట్ అటెస్టేషన్‌కు ఇవ్వమని ఫోన్‌లో చెప్పాడు. పాప ఫోన్ లాక్కుని, ఎప్పుడొస్తవ్ డాడీ అని అలవాటు ప్రకారం అడిగింది. ఈసారి నువ్వే నా దగ్గరికొస్తున్నావని దేవేందర్ చెప్పాడు. పాప నమ్మలేదు. ఫోన్ తల్లి చేతిలో పెట్టి ఆడుకోవడానికి వెళ్ళిపోయింది.