వీలుంటే

ఆ లిఫ్టుల కంపెనీలో ఆయన్ని అందరూ టపా బాబాయ్ అనేవారు. కాగితం ఉత్తరాలు వచ్చే రోజుల్లో సంచీ విప్పి, కవర్లు చింపి, ఏది ఎవరి బల్ల మీదికి పోవాలో తేల్చింది ఆయనే. సంచీ పోయి ఇన్‌బాక్స్ వచ్చింది. మనిషి మారలేదు. రిపేర్లు కోరుతూ రోజుకు మూడు వందల మెయిళ్లు వచ్చిపడేవి. సాయంత్రం ఆరింటికి పెట్టెలో ఒక్కటి మిగిలేది కాదు. ఊరి బళ్లో ఏడో తరగతి దాకా చదివినవాడు అది చేస్తుంటే, పెద్ద చదువుల వాళ్లు నాలుగేసి వేల మెయిళ్లు నెత్తిన పెట్టుకుని ఊపిరాడక కొట్టుకునేవారు. వాళ్ల మీద ఆయనకు జాలి లేదు.

పొద్దున తొమ్మిదింటికి కూర్చుని ఇరవై నిమిషాలు ఏదీ తెరిచేవాడు కాదు. రాసిందెవరు, పైన ఏమని రాశారు, అంతే చూసేవాడు. పుట్టినరోజు శుభాకాంక్షలూ, వాటికి ఆఫీసంతా పంపుకున్న థాంక్సులూ చెత్తబుట్టలోకి పోయేవి. మిగిలినవాటిని ఒక్కొక్కటే తెరిచి, తేల్చి, మూసేవాడు. తెరిచిన మెయిల్ తేల్చకుండా మూయడం, మళ్లీ తెరవడం ఆయన దృష్టిలో ఎంగిలి తినడం.

కొత్తగా వచ్చిన మేనేజరమ్మకు ఇది నచ్చలేదు. ఎర్రజెండా పద్ధతి పెట్టింది. అర్జెంటు అనుకున్న కస్టమరు తన మెయిల్‌కి ఎర్రజెండా తగిలించుకోవచ్చు, వాటికే ముందు మనిషిని పంపాలి. మొదటి రోజు పదకొండు జెండాలు వచ్చాయి. వారం తిరిగేసరికి రెండు వందల తొంభై.

"అందరూ అందలం ఎక్కితే మోసేవాళ్లెవరమ్మా?" అన్నాడు ఆయన.

ఆమె నవ్వలేదు. అప్పటికే రెండుసార్లు ఆయన జెండాల్ని పక్కన పెట్టాడు. మూడోసారి అలా జరిగితే ఇన్‌బాక్స్ వేరేవాళ్లకు ఇచ్చి, ఆయన్ని స్టోరు రూములో కూర్చోబెడతానని అందరి ముందూ చెప్పింది. స్టోరు రూమంటే బోల్టులు, గ్రీజు డబ్బాలు. ముప్పై ఏళ్ల టపా అక్కడితో సరి.

గురువారం పొద్దున మెకానిక్కుల్లో ఒక్కడే ఖాళీగా ఉన్నాడు. పెట్టెలో అన్నిటికంటే పైన కంపెనీకి అతిపెద్ద కస్టమరు మెయిల్ ఉంది. ఎర్రజెండా, అర్జెంటు అనే మాట ఐదుసార్లు. లిఫ్టులో అద్దం మీద గీత పడిందట. అడుగున ఎక్కడో, జెండా లేకుండా, ఒక పాత బిల్డింగు వాచ్‌మన్ రాసిన మెయిల్. పైన 'చిన్న విషయం' అని ఉంది. ఆయన దాన్ని తెరిచాడు.

'అయ్యా, లిఫ్టు మూడో అంతస్తు దగ్గర కొంచెం కుదుపుతోంది. ఇబ్బందేమీ లేదు. వీలుంటే ఎవరినైనా పంపండి.'

ఆ 'వీలుంటే' అన్న మాటను ఆయన మళ్లీ చదివాడు.

ఆయన భార్య జీవితంలో ఆయన్ని ఏదీ గట్టిగా అడగలేదు. ఒకసారి మాత్రం, అన్నం వడ్డిస్తూ, వీలుంటే నన్ను డాక్టరుకు చూపించండి అంది. ఆయనకు వీలు కాలేదు. వీలు చేసుకునేసరికి డాక్టరు చేతిలో ఏమీ లేదు. ఆ సంగతి ఆయన ఎవరికీ చెప్పుకోలేదు. తనను తాను క్షమించుకోనూ లేదు. ఒక్కటి మాత్రం నేర్చుకున్నాడు. అరిచేవాడికి అరవడానికి ఓపిక ఉంది, వాడు ఆగగలడు. వీలుంటే అన్నవాడు నోరు మెదపకుండా చివరిదాకా ఓర్చుకుని, ఇక ఓర్వలేక అడుగుతాడు.

మెకానిక్కుని వాచ్‌మన్ దగ్గరికి పంపాడు. అతను వచ్చేదాకా ఎవర్నీ లిఫ్టు ఎక్కనివ్వొద్దని వాచ్‌మన్‌కి జవాబు కొట్టాడు. పెద్ద కస్టమరుకు రేపు వస్తామని రాశాడు.

గంటలో పెద్ద కస్టమరు ఫోను మేనేజరమ్మకు వెళ్లింది. ఆమె తన గదిలోంచి నేరుగా ఆయన బల్ల దగ్గరికి వచ్చింది. ఆఫీసులో అందరూ కుర్చీలు ఇటు తిప్పారు.

"అద్దం పని వదిలేసి కుదుపు చూడ్డానికి పంపారా? జెండా కూడా లేదు దానికి."

"లేదమ్మా."

"మరి?"

"వాచ్‌మన్ వీలుంటే అన్నాడు."

ఎవరో కిసుక్కుమన్నారు. స్టోరు రూము తాళంచెవి సాయంత్రానికి తీసుకోండి అని ఆమె వెనక్కి తిరిగింది. ఆయన బతిమాలలేదు. తర్వాతి మెయిల్ తెరిచాడు.

ఆమె గది గుమ్మం దాటకముందే ఆయన ఫోను మోగింది. మెకానిక్ మామూలుగా వాగుడుకాయ. ఆ రోజు గొంతు దిగి ఉంది. ఆయన ఫోను స్పీకరులో పెట్టాడు.

"బాబాయ్, లిఫ్టును మోసే ఉక్కుతాడులో సగం పోగులు తెగి ఉన్నాయి. ఇంకో రెండ్రోజులు తిప్పితే ఏమయ్యేదో చెప్పలేను. లిఫ్టు ఆపేశాను. ఎవరికీ ఏం కాలేదు. పైన ఒక ముసలావిడ, ఇద్దరు పసిపిల్లలు రోజూ ఇందులోనే దిగుతారంట."

మేనేజరమ్మ గుమ్మంలోనే నిలబడి విన్నది. లోపలికి వెళ్లి తలుపేసుకుంది. కిసుక్కుమన్నవాడు నీళ్లు తాగడానికి లేచాడు.

ఆయన మిగతా మెయిళ్లు చూసుకున్నాడు. ఐదున్నరకు ఇరవై ఉన్నాయి, పది నిమిషాలు తక్కువ ఆరుకు మూడు. తాళంచెవి ఎవరూ తేలేదు. ఆఖరుది మూయబోతుండగా ఇంకొకటి వచ్చింది. గాజు తలుపుకు అవతల, పది అడుగుల దూరంలో కూర్చున్న మేనేజరమ్మ నుంచి. జెండా లేదు. పైన 'చిన్న విషయం' అని ఉంది.

'బాబాయ్ గారూ, రేపట్నుంచి జెండాలు తీసేస్తున్నాను. వీలుంటే మీ పద్ధతి నాకు రాసివ్వగలరా?'

క్షమించమన్న మాట అందులో లేదు. ఉన్నా ఆయన క్షమించేవాడు కాదు. కానీ వీలుంటే అన్నాక ఆయన ఎవర్నీ ఎదురుచూడనివ్వడు. వెనువెంటనే జవాబు కొట్టాడు.

'రాస్తే రాదమ్మా. రేపు తొమ్మిదింటికి కుర్చీ తెచ్చుకుని పక్కన కూర్చోండి.'

పంపాడు. పెట్టె ఖాళీ అయింది. గోడ గడియారం ఇంకా ఆరు కొట్టలేదు. చొక్కా సర్దుకుని, వెన్ను నిటారుగా పెట్టి, ఆఫీసు మధ్యలోంచి మెల్లగా నడుచుకుంటూ వెళ్లాడు.