చారల నీడ

తెల్లారితే బస్సు, పొద్దుగూకితే వంటిల్లు. ఆ బస్సు డ్రైవరమ్మకి ముప్పై దాటలేదు, నోరు మాత్రం పెద్దది. పొట్ట ఉబ్బి స్టీరింగుకి తగులుతుంటే డిపోలో వాళ్ళు "విశేషమా?" అని నవ్వారు.

"విశేషమే. మీ నోళ్ళు మూతపడకపోవడం," అంది.

స్కానింగ్ గదిలో డాక్టరమ్మ పొట్ట మీద చల్లగా జెల్ రాసింది. తెర మీద గుండ్రంగా, నల్లగా ఒక గడ్డ కనబడింది. దాని కింద చారలు చారలుగా నీడ. ఆ నీడ తెర అంచు దాటి నేలమీదికి జారింది. ఆయా తడిగుడ్డతో తుడవబోయి, "ఇది వదిలేలా లేదు మేడమ్," అంది.

"ఉండనీలే," అంది డాక్టరమ్మ. "అండాశయంలో ఫైబ్రోమా. అరుదుగా వస్తుంది. గట్టి పీచు గడ్డ కాబట్టి ఇలా చారల నీడ పడుతుంది. నాకు కేన్సర్ అనిపించడం లేదు. పొట్టలో నీళ్ళు చేరడం కూడా దీనివల్లే కావచ్చు."

నీడ ఆమె వెంటే సర్జన్ గదికి వచ్చింది. సర్జన్ దాన్ని దాటి కూర్చుని, రిపోర్టు పైపైన తిరగేసి, ఆమె భర్తతో మాట్లాడాడు.

"పొట్టలో నీళ్ళున్నాయి. ఎందుకొచ్చిన రిస్కు? గర్భసంచీ, రెండో అండాశయం కూడా తీసేద్దాం."

"మీరెలా అంటే అలా సార్," అన్నాడు భర్త.

"ఒక పిల్ల ఉందిగా, చాల్లే," అంది వెంట వచ్చిన అత్తగారు.

ఆమెకి అరికాలి మంట నెత్తికెక్కింది. "కడుపు నాది. నన్నడగరేం? టైరు పంక్చరైతే ఇంజను పీకేస్తామా? గడ్డ వరకే తీయండి!"

"మీకు తెలీదమ్మా," అన్నాడు సర్జన్, భర్త వైపే చూస్తూ.

ఆపరేషన్ రోజు నీడ దుప్పటి కిందికి దూరి ఆమె పక్కన పడుకుంది. మత్తెక్కేదాకా ఆమె "గడ్డ వరకే" అంటూనే ఉంది. "సరే సరే," అన్నాడు సర్జన్, పసిపిల్లల్ని ఊరుకోబెట్టే గొంతుతో.

గడ్డని పరీక్ష చేసిన రిపోర్టు వచ్చాక ఆయన మంచం దగ్గరికొచ్చాడు. మొదటిసారి ఆమె మొహం చూశాడు.

"ప్రమాదం లేని గడ్డే. అదొక్కటే తీశాను. మిగతావాటి మీద నీడ కప్పేసి ఉంది. ఎన్ని లైట్లు వేసినా ఏమీ కనబడలేదు."

"కనబడుంటే తీసేసేవారన్నమాట."

ఆయన పక్క మంచానికి వెళ్ళిపోయాడు. భర్త నీళ్ళ గ్లాసు అందించబోయాడు.

"అక్కడ పెట్టు," అంది. "ఇంకోసారి నా బదులు నువ్వు ఊఁ కొట్టావో..."

కుట్లు కలుక్కుమన్నాయి. ఊఁ కొట్టబోయిన భర్త, నోరు గట్టిగా మూసుకున్నాడు.