వాయిదా లేని కేసు

ఆ పొద్దు ఆకాశం మూసుకుని ఉంది. వాన పడదు, మోడం విడదు. భాద్రపదంలో కోలారు దగ్గరి వేమగల్ పక్క మబ్బుకు ఆ మొండితనం ఉంటుంది. పిల్లమ్మ గట్టు మీద నిలబడి ఒకసారి పైకి చూసి, చినుకు రాలేలోపే నాలుగు మోపుల మల్బరీ ఆకు కోసి ఇంట్లో పడేసింది. తడి ఆకు మేస్తే పట్టుపురుగులకు రోగం తగులుతుంది. పొర విడిచే నిద్రను ఆ పక్క జ్వరమంటారు. నాలుగో జ్వరం లేచిన పురుగులకు ఇప్పుడు ఎంత వేసినా చాలదు. తట్టల్లో అవి ఆకు కొరికే చప్పుడు రేకుల మీద సన్నవాన పడుతున్నట్టు ఇల్లంతా వినిపిస్తోంది.

ఆ చప్పుడు పక్కనే చాప మీద దొడ్డమునియప్ప పడుకుని ఉన్నాడు. చికున్‌గున్యా జ్వరం తగ్గింది గాని కీళ్లు వదల్లేదు. వేళ్లు కొక్కేల్లా బిగుసుకుపోయాయి. రాగిముద్ద తుంచుకోలేకపోతే పిల్లమ్మే తుంచి, పులుసులాంటి సారులో ముంచి నోటికి అందిస్తోంది.

తెల్లారితే పెద్దల అమావాస్య. ఇవాళ కోర్టు వాయిదా. తేదీ చెప్పింది అతడే.

మనిషి పోకపోతే పోలీసులు వారంటు పట్టుకొస్తారని ఆమె భయం. తాను పోయి జ్వరమని చెప్పి వస్తానంది. అతడు వద్దన్నాడు. వాళ్లేమీ అడగరన్నాడు, మళ్లీ వాయిదాకు తానే పోతానన్నాడు. చెప్పిందే చెప్పి చివరికి గోడవైపు తిరిగాడు. అతని కన్ను మూతపడేదాకా ఉండి, పిల్లమ్మ ట్రంకుపెట్టెలోంచి ప్లాస్టిక్ కవరు తీసుకుంది. అందులో పోలీసులిచ్చిన ఎఫ్ఐఆర్ నకలు, రక్షిత ఆధార్ కార్డు ఉన్నాయి.

రక్షిత వాళ్ల ఒక్కగానొక్క కూతురు. అదే ఊళ్లో చిక్కవెంకటప్ప నడిపే యూనిట్లో పట్టుగూళ్లు ఉడికే నీళ్లలో చేతులు పెట్టి నూలు తీసేది. దినానికి మూడువందలు. ఆ నీళ్లకు వేళ్ల తోలు ఉడికి, తెల్లబడి, పొరలు పొరలుగా లేచేది. పొద్దుగూకి ఇంటికొస్తే సారులో కారం తగిలి మండుతుందని ముద్ద ముట్టేది కాదు. పిల్లమ్మే చిన్నచిన్న తునకలు చేసి, సారులో ముంచి పెట్టేది. పెండ్లీడు బిడ్డకు ఇంకా నోట్లో పెడతావా అని చుట్టుపక్కలవాళ్లు నవ్వేవాళ్లు.

బాయిలరు ఆవిరి మాటిమాటికీ బయటికి పోతే కట్టెలు దండగని చిక్కవెంకటప్ప దాని వాల్వును తీగతో బిగించి కట్టించాడు. రక్షిత ఆ సంగతి నాయనకు చెప్పింది. దొడ్డమునియప్ప పోయి అడిగితే, నా బాయిలరు సంగతి నాకు చెప్పేది నీ కూతురా అని చిక్కవెంకటప్ప పకపకా నవ్వాడు. ఆ వారమే అది పేలింది. బిడ్డ కోలారు ఆసుపత్రి చేరకుండానే దారిలో పోయింది.

అప్పుడు పిల్లమ్మ ఒక మాట అనుకుంది. తీర్పు వచ్చేదాకా బిడ్డను పెద్దల్లో కలపను, అమావాస్యకు దాని పేరున అరిటాకు వేసి వడ్డించను. పోయినోళ్లను ఆకలితో పెట్టకూడదని అత్తగారి పక్కవాళ్లు ఎంతగా చెప్పినా వినలేదు. ఆకు వేస్తే ముగిసినట్టే. ముగియలేదు కదా.

నాలుగేళ్లుగా వాయిదాలకు అతడే పోతున్నాడు. ఆమె అన్నం బాక్సు కట్టి ఇస్తుంది. సాయంత్రం వచ్చి జడ్జి రాలేదనో, వాయిదా వేశారనో చెప్తాడు. తానూ వస్తానంటే ఇద్దరికి చార్జీలు దండగనేవాడు. ఆడవాళ్లకు బస్సు ఉచితమయ్యాక, అది ఆడోళ్లు నిలబడే తావు కాదన్నాడు.

బస్సులో కండక్టరు ఆమె ఆధార్ చూసి సున్నా టికెట్టు చించి ఇచ్చాడు. కమ్మీ పట్టుకుని వేలాడుతున్న ఒకాయన, "దుడ్డిచ్చినోడు నిలబడాల, ఇయ్యనోళ్లు కూచోవాల. ఏం కాలమప్పా" అన్నాడు.

"వచ్చే జన్మలో చీర కట్టుకుని రా అన్నా, నీకూ సీటిస్తాను" అన్నాడు కండక్టరు. బస్సంతా నవ్వింది. పిల్లమ్మ కూడా నవ్వింది.

కోలారు కోర్టు గేటులో పోలీసు ఆమెను ఆపలేదు, ఎవరివని అడగలేదు. ఆమెకు అదే ఆశ్చర్యమైంది. ఏ గదిలో చెప్పుకోవాలని అడిగితే, ముందు కేసు నంబరు తెలుసుకోమని వరండా చివరనున్న ఈ-సేవా కేంద్రం చూపించాడు. అక్కడ కంప్యూటర్ ముందు కుముద అనే ఆవిడ కూర్చుని ఉంది. పిల్లమ్మకు ముందు సొన్నప్ప అనే ముసలాయన వంతు. ఆయన నాయన పేరు మీద భూమి భాగాల దావా ఏ గతినుందో ఆయనకు తెలియాలి. నంబరు లేదు. నాయన పేరు మునియప్ప.

"మునియప్ప అని కొడితే తాలూకా అంతా వచ్చి నిలబడతాదప్పా" అంది కుముద. "ఏ సంవత్సరం? ఎదురుపార్టీ ఎవురు?"

ఎదురుపార్టీ పేరు కూడా మునియప్పేనని ఆయన చెప్పేసరికి ఆమె నవ్వు ఆపుకోలేకపోయింది. అయినా ఓపిగ్గా సంవత్సరాలు మార్చి మార్చి వెతికింది. చివరికి దొరికింది. ఇంకా నడుస్తోంది.

"బతికే ఉండాది నా కేసు" అంటూ సొన్నప్ప తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు, తప్పిపోయిన ఎద్దు దొరికినట్టు.

పిల్లమ్మ కవరు ఇచ్చింది. కుముద అందులో పోలీస్ స్టేషను, నంబరు, సంవత్సరం చూసి కొట్టింది. ఏమీ రాలేదు. మళ్లీ కొట్టింది. నంబరు తప్పేమోనని పిల్లమ్మ తెరవైపు వంగింది. తెర మీద గుండ్రాలున్నాయి. ఒకదాని పక్క నడుస్తున్నవి అని, ఇంకోదాని పక్క ముగిసినవి అని కన్నడంలో రాసి ఉంది. కుముద ఈసారి రెండో గుండ్రం మీద నొక్కింది.

కేసు వచ్చింది.

"ఇది అయిపోయిందమ్మా. రెండేండ్లు దాటింది."

"లేదమ్మా. ఇయ్యాల వాయిదా ఉండాది. మా ఇంటాయనకి జ్వరమని చెప్పేదానికి వచ్చినాను."

కుముద తెరను ఆమెవైపు తిప్పి, తీర్పు తెరిచింది. పిల్లమ్మ ఇంట్లో తెలుగే గాని నాలుగో తరగతి దాకా చదివింది కన్నడ బడిలో. కూడబలుక్కుని చదవగలదు. ఒకటో సాక్షి, దొడ్డమునియప్ప బిన్ చౌడప్ప, అంటే చౌడప్ప కొడుకు. మామగారి పేరుతో సహా ఉంది. ఆమె వేలు తెరకు ఆనించి ఒక్కొక్క అక్షరమే పోయింది. మృతురాలు నా కూతురు. ఆమె ఆ యూనిట్లో ఎన్నడూ పని చేయలేదు. స్నేహితురాలిని పిలవడానికి లోపలికి పోయింది. వాల్వు సంగతి నాకు తెలియదు. పోలీసులు తెల్లకాగితం మీద సంతకం తీసుకున్నారు.

ఆ కింద, సాక్షి మాట మార్చి ప్రతికూలమయ్యాడని, నిందితుడు నిర్దోషి అని ఉంది.

పని చేయలేదు అన్న మాట దగ్గర ఆమె వేలు చాలాసేపు ఆగిపోయింది. వెనక వరుసలో ఎవరో దగ్గారు.

"దీన్ని ఎవురైనా చూడొచ్చునా?" అని అడిగింది చివరికి.

"ఎవురైనా చూడొచ్చమ్మా. ఫోన్లో కూడా. పేరో నంబరో ఉంటే చాలు. అందరిదీ కదా."

అందరూ చూడగలిగింది తానొక్కతే చూడలేదు. కుముద గొంతు తగ్గించి మరికొంత చెప్పింది. తల్లి కూడా పై కోర్టుకు పోవచ్చు. ఇంత ఆలస్యం ఎందుకైందో చెప్పుకోవాలి. ఆడవాళ్లకు ఉచితంగా వకీలును పెట్టే ఆఫీసు ఈ ఆవరణలోనే ఉంది. ముందు తీర్పు నకలుకు అర్జీ పెట్టుకోవాలి. అర్జీలో ఎందుకు అన్నచోట ఏం రాయాలని కుముద అడిగితే, పిల్లమ్మ రక్షిత ఆధార్ కార్డు ముందుకు జరిపింది. తల్లి అని రాసి కుముదే ఆమెతో సంతకం పెట్టించింది.

ఆమె బస్సు దిగి ఇంటికి పోకుండా తోటకు పోయింది. అప్పుడే కరెంటు వచ్చినట్టుంది, పైపులోంచి నీళ్లు దూకుతున్నాయి. చిక్కవెంకటప్ప బోరు నీళ్లు. తమ బోరు ఎండి, పురుగులు తట్టల్లోనే మాడుతున్న ఏడు, ఒకరోజు ఆయన మనుషులే వచ్చి పైపు వేసిపోయారు. పాపం తెలిసొచ్చి మనసు కరిగినట్టుందని ఊరంతా చెప్పుకుంది తానే. ఆ పైపు వాల్వుకు పసుపు కుంకుమ పెట్టి, టెంకాయ కొట్టి, మొక్కింది తానే. ఇనుము మీద కుంకుమ మరక ఇంకా ఉంది.

పిల్లమ్మ రెండు చేతులతో వాల్వు తిప్పి కట్టేసింది. పైపు ఒకసారి గుక్కపట్టి ఆగిపోయింది.

ఇంట్లో అతడు లేచి గోడకు ఆనుకుని కూర్చున్నాడు. ఆమె చేతిలో కవరు చూశాడు.

"యాడికి పోయినావు మే?"

"కోలారుకు."

అతడు తనంత తానే చెప్పాడు. వాయిదాలని పోయి బస్టాండులో కూర్చునేవాడట. ఆమె కట్టిచ్చిన బాక్సు ఏనాడూ తినలేదట, ఆవులకు పెట్టేవాడట. పోయిన బిడ్డ ఎట్లాగూ రాదు, ఉన్న మీరన్నా బతకండి, నీళ్లు నేనిస్తాను అని చిక్కవెంకటప్ప అన్నాడట.

పిల్లమ్మ పురుగులకు ఆకు వేస్తూ విన్నది. తట్ట నింపి, చేతులు దులుపుకుని అంది.

"నీళ్ల కోసరమని నాకు చెప్పుంటే వద్దంటానో, సరే అంటానో, నాకే తెలీదు. ఎండిన తోట నేనూ చూసినాను. కానీ పనికే పోలేదంటివే. దాని చేతులు నువ్వు చూడలేదా?"

అతడు తన వంకర వేళ్లు చూసుకుంటూ కూర్చున్నాడు.

"నకలుకి రాసిచ్చినాను. పై కోర్టుకి పోతాను. నువ్వు కోర్టులో చెప్పిన మాట మీదే పోతాను."

"నీళ్లు ఆపేస్తాడు మే."

"నేనే ఆపేసినాను."

ఇద్దరి మధ్య పురుగులు ఆకు కొరుకుతూనే ఉన్నాయి. రేపో ఎల్లుండో కోసిన ఆకు అయిపోతుంది, నీళ్లు లేక తోట వాడుతుంది. అవి గూడు కడతాయో కట్టవో ఇద్దరికీ తెలియదు.

మరునాడు అమావాస్య. పిల్లమ్మ ఇల్లు అలికి, స్నానం చేసి, రక్షితకు ఇష్టమని ముద్ద గెలికింది, ఆకుకూర ఉడికించిన నీళ్లతో బస్సారు కాచింది. గోడ కింద కొత్త లంగా జాకెట్టు పెట్టి, దాని ముందు అరిటాకు వేసింది. దొడ్డమునియప్ప ఆకువంక, ఆమెవంక చూశాడు.

"తీర్పు వచ్చేదాకా ఎయ్యనంటిని. అది ఎప్పుడో వచ్చేసినాది. రెండేండ్లు బిడ్డను ఉత్తదానికి పస్తు పెట్టినాను" అంది.

కర్పూరం వెలిగించింది. అది ఆరిపోయాక ఇంకో రెండు ఆకులు వేసింది, అతనికొకటి, తనకొకటి. మూడు ఆకుల్లోనూ ముద్ద పెట్టి సారు పోసింది. బిడ్డ ఆకు ముందు కూర్చుని, దాని ముద్దను ఎప్పటిలాగే చిన్నచిన్న తునకలు చేసి, ఒక్కొక్కటే సారులో ముంచి, వరసగా పేర్చింది.

అతని ఆకులో ముద్ద గుండ్రంగా అట్లాగే ఉంది. కాసేపు ఆమె చేతికోసం చూశాడు. ఆమె తన ఆకు దగ్గరికి జరిగి తల వంచుకుని తినసాగింది. అతడు బిగుసుకున్న వేళ్లను ముద్దకు ఆనించి, మణికట్టుతో అదిమాడు. అంచు కొంచెం విరిగింది. సారులోకి నెట్టి, రెండు చేతులా పట్టుకుని నోటిదాకా తెచ్చుకున్నాడు. సగం ఆకులోనే రాలిపోయింది.

ఇద్దరూ తిన్నారు.